బాణలిలో నిప్పు

నవంబరు 22

పెరట్లో చలిమంట కావాలట.

పొద్దున్న ఆక్సిజన్ మిషను ఫిల్టరు కడిగి ఆరబెడుతుంటే అంది మా ఆవిడ పాపాయి. "ఏవండీ, పెరట్లో చిన్న నెగడు లాంటిది ఏర్పాటు చేస్తారా? సాయంత్రం పూట కాసేపు కూర్చుంటాను."

నేను ఫైర్‌స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్ని. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నా పని మంటలు ఆర్పడం. గడ్డిమేట్లు, తాటాకు పాకలు, గ్యాసు బండలు, ఒకసారి బాణసంచా కొట్టు. అలాంటివాడిని కట్టుకున్న మనిషి అడగాల్సిన కోరికేనా ఇది? అదీ ముక్కులో ట్యూబు పెట్టుకుని.

ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ అది ఉన్నచోట ఏది అంటుకున్నా ఆగదు. బట్టయినా, జుట్టయినా, దుప్పటయినా అంతే. పక్క మండలంలో ఒకాయన ట్యూబు ముక్కులో ఉండగానే చుట్ట వెలిగించాడు. ఆ ఇంటికి వెళ్ళింది మా బండే. అందుకే మిషను ఇంటికి వచ్చిన రోజే రూలు పెట్టాను. ఆ గదిలో అగరొత్తి వెలగకూడదు, దీపం పెట్టకూడదు. కార్తీక దీపాలు కూడా బయట తులసికోట దగ్గరే. ట్యూబు ఉన్నచోట నిప్పు ఉండకూడదు, నిప్పు ఉన్నచోట ట్యూబు ఉండకూడదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

ఇవాళ మళ్ళీ అదే చెప్పాను. శ్రద్ధగా వింది.

"అవునండి. మంట దగ్గర ట్యూబు పెట్టకూడదు. మీరు చెప్పారుగా," అంది.

అర్థమైందనుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను.

నవంబరు 23

మళ్ళీ అడిగింది. వినపడనట్టు ఊరుకున్నాను.

నవంబరు 25

రాజమండ్రి తీసుకెళ్ళాను. అమ్మాయి హేమశ్రీ అక్కడే డిగ్రీ చదువుతోంది, హాస్టలు నుంచి ఆసుపత్రికి వచ్చేసింది. డాక్టరు గారు ఎక్కువసేపు చూడలేదు. మిషను మీద లీటర్లు కొంచెం పెంచుకోమన్నారు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు అని అడిగితే, "అంతదూరం ఆవిణ్ణి ఎందుకు తిప్పుతారు, అవసరమైతే ఫోన్ చెయ్యండి," అన్నారు.

మంచి డాక్టరు. ఊరికే తిప్పించుకునే రకం కాదు.

పాపాయిది ఆత్రేయపురం. పూతరేకులు తీసే ఇల్లు. ఓణీ వెయ్యకముందు నుంచే బోర్లించిన కుండ ముందు కూర్చుంది. కుండ కింద ఎండు కొబ్బరాకు మండుతూనే ఉండాలి, పైన పిండిలో ముంచిన బట్ట ఒక్క లాగు లాగితే రేకు రావాలి. పొగంతా మొహానికే. పెళ్ళయ్యాక మా పెరట్లో కూడా పొయ్యి వేసుకుంది. నిరుడు ఇదే డాక్టరు గారు ఎక్స్‌రే లైటు మీద పెట్టి, "ఈవిడ సిగరెట్లు కాల్చేవారా?" అని అడిగారు. పాపాయి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి గునపం తీసుకుని ఆ పొయ్యి పగలగొట్టాను, రేకుల కుండ కూడా. డాక్టరు చెప్పింది చెయ్యాలి కదా. తర్వాత చాలా రోజులు ఆ చోటు వైపు పాపాయి చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో హేమశ్రీ అంది, "అమ్మకి చలేస్తున్నట్టుంది నాన్నా. చలిమంట పెట్టచ్చుగా." తల్లి దానికి కూడా ఎక్కించిందన్నమాట.

సరే. పెడితే సరిగ్గా పెడతాను. మంట సంగతి నాకంటే తెలిసినవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు.

నవంబరు 28

చోటు చూశాను. ఉత్తరం వైపు పల్లంరాజు గారి గొడ్ల పాక, తాటాకు కప్పు. అటు కుదరదు. వంటింటి గోడ అవతల గ్యాసు బండ. అటూ కుదరదు. కొబ్బరిచెట్ల కింద అసలే వద్దు, ఎండిన మట్ట ఊడి నిప్పుల్లో పడిందంటే ఇంక చెప్పక్కర్లేదు. పైగా సాయంత్రం కాలవ మీంచి గాలి ఇంటివైపే తోలుతుంది. మొత్తానికి బట్టలు ఉతికే రాయికి అవతల, ఆకాశం కనిపించే చోటు ఒకటి దొరికింది. పాత పొయ్యి ఉండేది అక్కడే. అది ఇప్పుడే గమనించాను.

గొయ్యి తవ్వాను. మూరెడు లోతు దిగానో లేదో అడుగున చెమ్మ, ఇంకో రెండు పోట్లు వేసేసరికి నీళ్ళు. కాలవ పక్క నేల, పైగా మొన్నటి తుపాను వానలు. సాయంత్రానికి గొయ్యి నిండిపోయి అందులో ఒక కప్ప చేరింది.

పాపాయిని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించాను. మిషను నుంచి పొడుగు ట్యూబు అక్కడిదాకా వస్తుంది. "బాగుందండి, చేపలు వేద్దాం," అంది. ఆ మాటకి నవ్వింది, నవ్వుకి దగ్గొచ్చింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. నేను పక్కనే నిలబడి వీపు నిమురుతూ ఉన్నాను. ఇంకేం చెయ్యగలను.

డిసెంబరు 2

సెలవు పెట్టాను. పల్లంరాజు గారు గోడ మీంచి చూసి, "ఏవయ్యా అచ్చిబాబూ, గొయ్యి పూడుస్తున్నావు, తవ్వుతున్నావు, ఏంటి సంగతి?" అన్నారు. ఆయనకి భీమవరం వైపు చెరువులు ఉండేవి, ఇప్పుడు ఖాళీగా ఉంటున్నారు. ఖాళీగా ఉండే మనిషికి పక్కింటి పని కనపడితే పండగే.

"మా ఆవిడ చలిమంట అడుగుతోందండి. నేలలో కుదరట్లేదు."

"దానికెందుకయ్యా తవ్వడం? నూతిలోకి దించడానికి తెచ్చిన సిమెంటు వర ఒకటి మిగిలిపోయి ఉంది మా గట్టు మీద. దొర్లించుకొచ్చి పెట్టు. గుండ్రంగా, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ ఎత్తు. దాని కోసమే చేసినట్టుంటుంది. చాలామంది అలాగే వాడుతున్నారు."

"చెమ్మలో పడున్న సిమెంటు కాలితే పేలుతుందండి రాజుగారూ."

"పేలడానికి అదేమన్నా టపాకాయా?"

ఆయన పెద్దవారు. వర దొర్లించుకొచ్చాం. బట్టలుతికే రాయి పక్కన పెడితే నిజంగానే బాగుంది. పాపాయి కిటికీలోంచి చూసి చెయ్యి ఊపింది. ఇవాళే వెలిగిస్తానేమో అనుకుంది. ముందు నేను పరీక్ష చేస్తాను, ఆ తర్వాతే నువ్వు అన్నాను.

డిసెంబరు 5

పరీక్ష అయింది.

మధ్యాహ్నం, అందరినీ లోపల ఉంచి, వరలో సరుగుడు కట్టెలు పేర్చి వెలిగించి నేను వెనక్కి తగ్గి నిలబడ్డాను. మొదట బాగానే కాలింది. రాజుగారు గోడ అవతల నుంచి, "చూశావా?" అన్నారు కూడా. తర్వాత ఢామ్మని మోగింది. సిమెంటులో దాక్కున్న నీటి చెమ్మ ఆవిరై, బయటికి దారి లేక, వరనే పగలగొట్టుకుని వచ్చేసింది. గుప్పెడంత పెచ్చు ఒకటి ఎగిరి ఉతికే రాయికి తగిలింది. రేపు పాపాయి కుర్చీ వెయ్యాలనుకున్నది ఆ రాయి పక్కనే.

రాజుగారి మొహం పాలిపోయింది. పాపం, అరగంట దాకా ఇంటికి వెళ్ళలేదు. "నేను మంచికే చెప్పానయ్యా," అని పదే పదే అన్నారు.

నాకు లోపల సంతోషంగా ఉంది. ఎందుకు ఉండకూడదు? నేను చెప్పిందే నిజమైంది. చెక్కుకుపోయిన రాయిని పాపాయికి చూపించాను. "అందుకే తొందరపడకూడదనేది," అన్నాను.

ఆ రాయిని చాలాసేపు చూసి, "మరి ఇంకోటి చూడండి," అంది.

డిసెంబరు 6

నూనె డ్రమ్ము కోసి వాడచ్చని ఎవరో చెప్పారు. అందులో ఇదివరకు ఏం పోశారో ఎవడికి తెలుసు. వద్దన్నాను.

డిసెంబరు 9

ఆన్‌లైన్లో ఇనప కుంపట్లు చూపించింది హేమశ్రీ. పల్చటి రేకు, సన్నటి కాళ్ళు. ఎవరైనా పమిట తగిలించుకుంటే తిరగబడుతుంది. వద్దన్నాను. ఇంకోటి బాగానే ఉంది కానీ పైన రంగు వేసి ఉంది, ఆ రంగు కాలితే వచ్చే పొగ పాపాయికి పనికిరాదు. అదీ వద్దన్నాను.

హేమశ్రీ కాలేజీ మానేసి రెండు వారాల నుంచి ఇక్కడే ఉంటోంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా, వెళ్ళు అంటే వెళ్ళదు. దీనికి ఎవరేం చెప్పారో నాకు తెలియదు.

డిసెంబరు 11

తెల్లవారు జామున మంచు. పొద్దున్న కరెంటు పోయింది. మిషను ఆగింది. సిలిండరు తిప్పి ట్యూబు తగిలించేలోగా పాపాయి పెదాలు నేరేడుపండు రంగుకి వచ్చేశాయి.

ఇప్పుడు మంచం మీంచి బాత్రూముకి వెళ్ళొస్తే చాలు, ఆయాసం తగ్గడానికి గంట పడుతోంది. మంచు వల్లే. సంక్రాంతి దాటితే ఎండలు ముదురుతాయి, తేలిగ్గా ఉంటుంది.

డిసెంబరు 13

బాణలి దొరికింది. పెళ్ళిళ్ళకి వండే వెంకటరమణ దగ్గర. పులిహోర కలిపే పెద్ద ఇనప బాణలి, అంచు కొంచెం విరిగిందని పక్కన పడేశాడట. మందంగా ఉంది, రంగు లేదు, ఏం లేదు. అడుగున బెజ్జాలు వేయించాను, వాన పడితే నీళ్ళు నిలవకుండా. కింద పెట్టడానికి బాగా కాలిన ఇటుకలు తెచ్చి ఎండబెట్టాను. రెండు బకెట్లు, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో నీళ్ళు. తడిపిన గోనెసంచి. కట్టెలు కాదు, కొబ్బరి చిప్పలు. ముందు నేనొక్కణ్ణే కాల్చి, మంట పోయి, పొగ పోయి, ఎర్రటి నిప్పులు మిగిలాక అప్పుడు పాపాయిని తీసుకురావాలి. కిరసనాయిలు చుక్క కూడా వెయ్యకూడదు. నైలాన్ చీర కాకుండా నేత చీర కట్టాలి. అయిపోయాక నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, బూడిదలో వట్టి చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా తగిలితేనే ఆరినట్టు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను మొదటి రోజు నేర్పేది ఇదే.

ఇంక ట్యూబు సంగతి. కుర్చీలో కూర్చోబెట్టి, మిషను కట్టేసి, ట్యూబు తీసి ఇంట్లో వదిలేసి, అప్పుడు మంట దగ్గరికి జరపాలి. ట్యూబు లేకుండా ఎంతసేపు ఉండగలదు? అదే ఆలోచిస్తున్నాను.

గాలి తగ్గాక చూద్దాం.

డిసెంబరు 15

గాలి తగ్గలేదు.

డిసెంబరు 16

గాలి లేదు కానీ మంచు ఎక్కువగా ఉంది.

హేమశ్రీ పెరట్లోకి వచ్చి బాణలి పక్కన నిలబడింది. "అన్నీ ఉన్నాయి కదా నాన్నా. ఇంకా దేనికి ఆగుతున్నారు?"

"నీకు తెలియదమ్మా. నిప్పుతో ఆటలు కాదు."

"అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. అది తెలుసా మీకు?"

తెలుసు. మంచం పక్కన కూర్చుని కలిపి పెట్టింది నేనే కదా. తెలియకపోవడం ఏంటి.

డిసెంబరు 17

వెలిగించాను.

చిప్పలు బాగా కాలి ఎర్రగా అయ్యాక పాపాయిని కుర్చీతో సహా నేనూ రాజుగారూ ఎత్తి తెచ్చాం. గుమ్మం దగ్గర ట్యూబు తీశాను. ఎన్ని నెలలైందో ఆ మొహం ఖాళీగా చూసి. బుగ్గల మీద ట్యూబు ఒత్తుకున్న గీతలు, చెవుల వెనక పుళ్ళు. ఆ గీతల మీద వేలితో రాసుకుంది. "తేలిగ్గా ఉందండి," అంది.

రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళిపోయారు.

నిప్పుల మీదికి చెయ్యి చాపింది. అరచెయ్యి కాదు, వెనక్కి తిప్పి. రేకుల కుండ కాగిందో లేదో అలాగే చూసేది. "ఇంకా కాగాలి," అని తనలో తనే అనుకుంది. తర్వాత, "ఒక్క ఎండు కొబ్బరాకు వెయ్యండి," అంది.

"పొగొస్తుంది."

"వస్తే రానివ్వండి."

వెయ్యలేదు. పక్కనే కూర్చుని ఆవిడ ఛాతీ లేచి పడటం లెక్కపెడుతున్నాను. మొదట బాగానే ఉంది. ఏదో చెప్పింది, వాళ్ళమ్మ గురించి, నేను సగం విన్నాను. కాసేపటికి మాటల మధ్య ఎడం పెరిగింది. మెడ నరాలు లాగుతున్నాయి. వేళ్ళు నల్లబడుతున్నాయి. కానీ మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. అది చూసి నాకు భయం వేసింది. ఇంట్లోకి వెళదాం అన్నాను. తల అడ్డంగా ఊపింది. హేమా, సిలిండరు తీసుకురా అని అరిచాను. పాపాయి చెయ్యెత్తి నిప్పుల్ని చూపించింది. నిప్పు ఉన్నచోటికి ట్యూబు రాకూడదు కదా అన్నట్టు.

నీళ్ళ బకెట్టు ఎత్తి బాణలిలో కుమ్మరించేశాను.

ఒక్కసారిగా ఆవిరి, బూడిద లేచి అందరి మొహాల మీదా పడ్డాయి. పాపాయి నేత చీర అంతా బూడిద. ఆ మసకలోనే హేమశ్రీ తెచ్చిన సిలిండరు ట్యూబు పెట్టేశాను. బతికింది.

బతికించాను.

డిసెంబరు 18

మాట్లాడలేదు.

డిసెంబరు 19

నాతో మాట్లాడలేదు. హేమశ్రీతో మాట్లాడుతోంది. నేను గదిలోకి వెళితే గోడవైపు తిరుగుతోంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంత కోపం ఎప్పుడూ చూడలేదు. ఏం చేశానని? నిప్పులో నీళ్ళు పోశాను. నేను చేసే పనే అది.

డిసెంబరు 20

స్టేషన్‌కి వెళ్ళి వచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బండి కడిగాను. కడగాల్సిన అవసరం లేదు, కుర్రాళ్ళు పొద్దున్నే కడిగారు.

డిసెంబరు 21

మాట్లాడింది. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం హేమశ్రీ మందుల షాపుకి వెళ్ళింది. నేను ఫిల్టరు కడుగుతున్నాను. మంచం మీంచి, "ఇలా రండి," అంది. వెళ్ళి కూర్చున్నాను. ఒక్కో మాటకీ ఆగి ఆగి చెప్పింది. నేను ఆ ఆగడాలు వదిలేసి రాస్తున్నాను.

"నాకు చలేసి అడిగాననుకున్నారా?"

"మరి?"

"ఈ ట్యూబు తీసెయ్యండి అంటే మీరు తీస్తారా?"

తియ్యను అన్నాను.

"అందుకే. మంట పెడితే మీరే తీస్తారు. మీ రూలు కదా."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బరువే లేదు.

"డాక్టరు గారు నాతో కూడా చెప్పారండి. మీరు మందులు తేవడానికి వెళ్ళినప్పుడు. హేమకి తెలుసు. మీకొక్కరికే తెలియదు. తెలిసినా తెలియనట్టుంటారు. ఈ గదిలో, ఈ మిషను మోత వింటూ పోవడం నాకిష్టం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ పొయ్యి ముందు కూర్చున్నాను. నా ఊపిరి తిన్నది అదేనని తెలుసు. అయినా నాకు తెలిసిన చోటు అదొక్కటే. కాసేపు అక్కడ కూర్చోనివ్వండి. ఈసారి బకెట్టు ముట్టుకోకండి."

"నేను చూస్తూ ఊరుకోవాలా?"

"ఆయ్. చూస్తూ ఊరుకోండి."

కోపం వచ్చింది నాకు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. తడిసి ముద్దయిన బూడిద బాణలిలో గట్టిపడి ఉంది. గరిటతో గీకాను. గీకుతూ గీకుతూ ఏడ్చాను. గోడ అవతల రాజుగారు ఉన్నారు. ఆయన దగ్గు వినిపించింది.

గొయ్యిలో నీళ్ళు, సిమెంటు వర, డ్రమ్ము, కుంపటి, రంగు, గాలి, మంచు. అన్నీ నిజమే. నేను చెప్పిన ప్రమాదాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. కానీ పొయ్యి పూర్తి కానంతవరకూ ఆవిడ ఆగుతుందనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తే తెలుస్తోంది. కాస్తో కూస్తో నడవగలిగే మనిషి ఆ నెలలో మంచానికి అతుక్కుపోయింది.

డిసెంబరు 22

ఏమీ రాయను.

డిసెంబరు 24

డాక్టరు గారికి ఫోన్ చేశాను. అడగాల్సింది అడిగాను. ఆయన, "ఇంకెన్నాళ్ళో లేవండి. ఆవిడకి ఏది సుఖంగా ఉంటే అది చెయ్యండి, నేనైతే మళ్ళీ ఆసుపత్రికి తెమ్మని చెప్పను," అన్నారు.

హేమశ్రీతో చెప్పాను. "నన్ను కూడా అడిగింది నాన్నా," అంది. "మీరు ఒప్పుకుంటేనే అన్నాను." నా పక్కన మెట్టు మీద కూర్చుని భుజానికి తల ఆనించింది. చిన్నప్పటి తర్వాత మళ్ళీ ఇప్పుడే.

డిసెంబరు 26

బాణలి తోమి ఎండలో పెట్టాను. ఇటుకలు ఆరాయి. రాజుగారు వాళ్ళ దొడ్లోంచి ఎండు చింతమొద్దు ఒకటి మోసుకొచ్చారు. "ఇది కాలితే చాలాసేపు ఉంటుందయ్యా," అన్నారు. ఆయనకి అంతా తెలుసని నాకు అర్థమైంది.

డిసెంబరు 27

గాలి లేదు. మంచు లేదు. సాయంత్రం వెలిగిస్తాను.

డిసెంబరు 29

నిన్న రాయలేకపోయాను.

మొన్న సాయంత్రం చిప్పల మీద చింతమొద్దు పెట్టాను. ఎర్రగా అంటుకున్నాక పాపాయిని తెచ్చాం. ఆత్రేయపురం నుంచి పెళ్ళికి తెచ్చుకున్న మామిడిచిగురు రంగు నేత చీర కట్టమందట, హేమశ్రీ కట్టింది. గుమ్మం దగ్గర ట్యూబు తీసి, మిషను కట్టేశాను. ఆ మోత ఆగగానే పక్షుల అరుపులు వినిపించాయి. ఇన్నాళ్ళూ అవి అరుస్తూనే ఉన్నాయి కాబోలు.

హేమశ్రీ ఒక పక్క, నేను ఒక పక్క. పాపాయి చెయ్యి వెనక్కి తిప్పి నిప్పుల మీద చాపింది. "కాగిందండి," అంది.

ఈసారి అడగకుండానే ఎండు కొబ్బరాకు ఒకటి తుంచి వేశాను. భగ్గున లేచింది. పొగ సుడి తిరిగి ఆవిడ మొహం మీదికి వెళ్ళింది. కళ్ళు మూసుకుని పీల్చుకుంది. దగ్గు వస్తుందనుకున్నాను, రాలేదు. దగ్గడానికి బలం లేదేమో. "ఇప్పుడు మా పెరడులా ఉంది," అంది. హేమశ్రీకి రేకు ఎలా లాగాలో చెప్పింది. బట్ట తడి ఎంత ఉండాలి, మణికట్టు ఎలా తిప్పాలి. "నీకు రాదులే, నీ చెయ్యి బరువు," అని వెక్కిరించింది. అది ఏడుస్తూ నవ్వింది.

నన్ను చూసి, "పొయ్యి పగలగొట్టినందుకు చాలా తిట్టుకున్నానండి మిమ్మల్ని," అంది. తిట్టు, ఇప్పుడు తిట్టు అన్నాను. "అయిపోయింది. మళ్ళీ కట్టారుగా," అంది.

తర్వాత మాటలు లేవు. మెడ నరాలు లాగడం చూశాను. వేళ్ళు నల్లబడటం చూశాను. నీళ్ళ బకెట్టు నా కాలి పక్కనే ఉంది. రెండుసార్లు దాని చెవి పట్టుకున్నాను. రెండోసారి పట్టుకున్నప్పుడు పాపాయి కళ్ళు తెరిచి చూసింది. వదిలేశాను. ఆ చెయ్యి ఖాళీగా ఉంచలేక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చీకటి పడకముందే అయిపోయింది.

నేను చంపానా అని హేమశ్రీని అడిగాను. "లేదు నాన్నా," అంది. రాజుగారిని అడగలేదు. ఎవరినీ అడగలేదు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళకేం తెలుసు ఆవిడ ఏం అడిగిందో.

నిన్న పొద్దున్న అన్నీ సిద్ధమయ్యాయి. కొత్త కుండ తెచ్చారు. పాడె ముందు కుండలో నిప్పు పట్టుకుని నడవాలి. ఎవరో పిడకలకి అగ్గిపుల్ల గీయబోతుంటే రాజుగారు ఆపారు. నా వైపు తిరిగి, "అచ్చిబాబూ, నిప్పు ఉందిగా నీ దగ్గర," అన్నారు.

పెరట్లోకి వెళ్ళాను. రాత్రంతా ఆ బాణలి వైపు ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. నీళ్ళు పొయ్యలేదు, ఇసుక వెయ్యలేదు, చెయ్యి పెట్టి చూడలేదు. బూడిద పక్కకి తోస్తే చింతమొద్దు లోపల ఎర్రగా ఉంది. పట్టకారుతో ఒక నిప్పుముక్క విరిచి తీసి కుండలో వేసుకున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఆర్పకుండా వదిలిపెట్టిన నిప్పు అదొక్కటే. అదే పట్టుకుని పాపాయి ముందు నడిచాను. అదే నా చేత్తో చితికి పెట్టాను.

ఇవాళ పొద్దున్న మిషను వాళ్ళు వచ్చి మిషను తీసుకుపోయారు. గది ఖాళీ. హేమశ్రీ నిద్రపోతోంది, పోనిద్దాం.

ఇందాక పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. బాణలి పైన బూడిద తెల్లగా పేరుకుంది. వట్టి చెయ్యి పెట్టాను. పైన చల్లగా ఉంది. అడుక్కి పోనిచ్చాను. మొద్దు మొదట్లో ఇంకా వెచ్చగానే ఉంది. నీళ్ళ బకెట్టు మొన్న పెట్టినచోటే ఉంది. కాసేపు అలాగే చెయ్యి ఉంచి, దులుపుకుని లోపలికి వచ్చేశాను.